కళ్ళము నుండి కంచము వఱకు



కళ్ళములో ధాన్యపు రాశి యున్నది. కాటా యున్నది, తూకము వేయువారున్నారు. గోనెసంచులు మాత్రము లేవు. మఱునాడు సంచులు వచ్చినవి, లారీ రాలేదు. మూడవనాడు లారీ వచ్చి ధాన్యము నెక్కించుకొని మిల్లునకు పోయినది. మిల్లులో దింపుకొనుటకు చోటు లేదు. లారీ మిల్లు వాకిట రెండు రోజులు నిలిచినది. అది అక్కడ నిలిచిపోయినందున ఇక్కడ రెండవ రైతు రాశి కదలలేదు. ఆ రాత్రి వాన కురిసినది. నాలుగు నెలల కష్టము తడిసి, రంగు మాఱి, మొలకెత్తినది. ఇది యే యొక గ్రామపు కథయు కాదు. మీలో పెక్కుమంది కన్నులార చూచినదే.

ఇందు తప్పెవరిది? సంచులు పంపువానిని అడిగినచో, "నాకు జాబు అందిన దినముననే పంపితిని" అనును. లారీ యజమానిని అడిగినచో, "నా బండి మిల్లుకడ చిక్కుకొన్నది" అనును. మిల్లు యజమానిని అడిగినచో, "నేను మరపట్టిన బియ్యమును గోదామువారు తీసికొనలేదు, క్రొత్త ధాన్యము నెత్తిన పెట్టుకొందునా?" అనును. గోదాము అధికారిని అడిగినచో, "గూడ్సుబండి రానిదే నా గోదాము ఖాళీ కాదు" అనును. ఎవరి మాట వారికి సత్యమే. ఎవరి పని వారు చేసియే యున్నారు. ఐనను ధాన్యము తడిసినది. ఎవరికి వారే యమునా తీరే యన్నచోట, అందఱును పని చేసినను పని కాదు.

ఈ విడివిడి లెక్కలనన్నిటిని ఒక్క లెక్కగా కూర్చి, ఏ వస్తువు ఏ దినమునకు ఏ చోట నుండవలయునో ముందుగా ఆలోచించి చెప్పునట్టి కంప్యూటరు పద్ధతిని గూర్చి నేడు మీతో ముచ్చటింప దలచితిని. దీనికి 'ఏకీకృత ప్రణాళికా సాఫ్ట్‌వేర్' అని పేరు. పేరు పెద్దది గాని, విషయము మన యింటిదే. సాఫ్ట్‌వేర్ అనగా యంత్రమునకు నేర్పిన లెక్కల తీరు. ప్రణాళిక యనగా ముందుచూపు. ఏకీకృతమనగా అందఱిదియు ఒక్కటే పద్దు. ఒక వస్తువు పుట్టినచోటు నుండి వాడుకొనువాని చేతికి వచ్చువఱకు ఎన్ని చేతులు మాఱునో, ఆ చేతులన్నిటిని కలిపి 'సరఫరా గొలుసు' అందురు. మన ధాన్యమునకు కళ్ళము మొదటి కొస. ఎవని కంచములోనో పడిన యన్నము తుది కొస.

ఈ గొలుసు ఎందులకు చెడునో మొదట తెలిసికొందము. సాధారణముగా మనము సోమరితనమని, లంచమని, నిర్లక్ష్యమని తలంతుము. అవియు కలవు. కాని యవి లేనిచోట గూడ గొలుసు చెడుచున్నదని కనుగొన్నవాడు జే ఫారెస్టర్. ఆయన అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారికి కెంటకీ రాష్ట్రమున గృహోపకరణములు చేయు కర్మాగారములుండెను. ఆ యధికారులు ఆయనకొక చిక్కు చెప్పిరి. ఒకప్పుడు రేయింబవళ్ళు మూడు వంతులుగా పని నడిపినను సరకు చాలదు. మఱి కొన్ని సంవత్సరములకే పనివారిలో సగము మందిని తీసివేయవలసి వచ్చును. దేశమందలి వ్యాపారపు ఆటుపోట్లే యిందులకు కారణమని వారి నమ్మకము. ఫారెస్టర్ వారు సరకు నెట్లు తెప్పించుచున్నారో, ఎంత నిలువ యుంచుచున్నారో, పనివారి నెప్పుడు చేర్చుకొనుచున్నారో అడిగి తెలిసికొని, పెన్సిలుతో కాగితముపై వారము వెంట వారము లెక్క వేసెను. బయటి గిరాకీ నిలుకడగా నున్నను, వారి లోపలి పద్ధతులే యీ యెత్తుపల్లములను పుట్టించునని తేలినది. ఈ విచారమును ఆయన 1958లో వ్యాసముగను, 1961లో 'ఇండస్ట్రియల్ డైనమిక్స్' అను గ్రంథముగను ప్రకటించెను.

ఇది యెట్లు జరుగునో పెండ్లివారింటిలో చూడుడు. పెండ్లికొడుకు తండ్రి రెండువందల మంది వత్తురని యన్నగారికి చెప్పెను. తక్కువైన పరువు పోవునని అన్నగారు వంటవానికి రెండువందల ఇరువది యని చెప్పెను. మాట తనమీదికి రాకుండ వంటవాడు రెండువందల ఏబదిమందికి సరకుల పట్టీ వ్రాసెను. పచారీ కొట్టువాడు మూడువందలకు సరిపడ తెప్పించెను. ఎవరును అబద్ధమాడలేదు, ఒక్కొక్కరు ఒక్కొక్క పిడికెడు జాగ్రత్త చేర్చిరి. తుదకు వందమంది యన్నము మిగిలినది. ఆ మిగులును చూచిన కొట్టువాడు రాబోవు ముహూర్తమునకు సగమే తెప్పించును. అప్పుడు విస్తరి ముందు కూర్చున్నవారికి పప్పు చాలదు. వచ్చిన చుట్టముల సంఖ్యలో పెద్ద మార్పు లేదు. మార్పంతయు నడుమనున్నవారి యూహలలోనే పుట్టినది.

పసిబిడ్డలకు తొడుగు డైపర్ల విషయమున ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీవారు ఈ వింతనే చూచిరి. బిడ్డలు దినమునకు ఎన్ని డైపర్లు తడుపుదురో ఆ లెక్క ఒకనాడు హెచ్చి ఒకనాడు తగ్గునది కాదు. అంగళ్ళలో అమ్మకమును ఇంచుమించు నిలుకడగానే యుండెను. కాని టోకు వర్తకులనుండి కంపెనీకి వచ్చు ఆర్డర్లు ఎక్కువ తక్కువలుగా నుండెను. కంపెనీ ముడిసరకునకు ఇచ్చు ఆర్డర్లు అంతకంటె మిక్కిలిగా ఊగులాడెను. దీనికి 'కొరడా' పోలిక చెప్పిరి. చెర్నాకోల పట్టుకొన్న చేయి జానెడు కదలినచో కొరడా కొస బారెడు ఎగురును గదా! స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన హావ్ లీ, పద్మనాభన్, వాంగ్ అను పండితులు 1997లో దీని కారణములను విడదీసి చూపిరి. అందొకటి మీకు బాగుగా తెలిసినదే. ఎరువు కొఱతయని విన్నంతనే, రెండు బస్తాలు కావలసినవాడు నాలుగు అడుగును; ఇచ్చునది సగమే యని వాని యనుమానము. అమ్మువాడు ఆ నాలుగును నిజమని నమ్మి పైకి వ్రాయును. ఎద్దు ఈనినదనగా దూడను గట్టివేయుమన్నట్లు పైనున్నవాడు దానినే పట్టుకొని పనిచేయును. కొఱత తీఱినంతనే ఆ యార్డర్లన్నియు మాయమగును. సరకు గుట్టలు పడును.

కావున మొదటి పాఠమిది: గొలుసులోని ప్రతివాడును తన ప్రక్కవాని మాట మాత్రమే వినక, తుదినున్న వాడుకదారుని యక్కఱను కన్నులార చూడగలిగినచో, ఈ యూగులాట చాలవఱకు అణగును. ఏకీకరణమున కిదియే ప్రాణము.

రెండవ పాఠము నేర్పినవాడు జోసెఫ్ ఓర్లికీ. ఈయన జె. ఐ. కేస్ అను ట్రాక్టర్ల కంపెనీలోను, పిదప ఐ.బి.ఎం. కంపెనీలోను పనిచేసెను. ఆయన గ్రంథము 1975లో వెలువడినది. ఆయన చెప్పిన సత్యము మిక్కిలి సులభమైనది. ట్రాక్టర్లు ఎన్ని అమ్ముడుపోవునో ఎవరికిని నిశ్చయముగా తెలియదు, అది ఊహింపవలసినదే. కాని ట్రాక్టర్లు ఎన్ని చేయవలయునో నిర్ణయమైన పిదప, చక్రములెన్ని కావలయునో ఊహింపనక్కఱ లేదు, గుణించిన చాలును. ఊహింపవలసినది ఒక్కటే, తక్కినదంతయు లెక్కింపవలసినదే. అంతకుముందు చక్రముల గిడ్డంగివాడు పోయిన యేటి వాడుకను చూచి తనకు తోచిన నిలువ తాను పెట్టుకొనుచుండెడివాడు.

దీనిని మన కళ్ళమునకు అన్వయింపుడు. ఒక కొనుగోలు కేంద్రమునకు దినమునకు 1,000 క్వింటాళ్ళ ధాన్యము వచ్చునని యూహింతము. ఊహ యింతటితో ముగిసినది. 40 కిలోల బస్తాకు నింపినచో 2,500 సంచులు కావలయును. లారీకి 200 క్వింటాళ్ళు ఎత్తినచో 5 లారీలు కావలయును. పచ్చిబియ్యము పట్టించినచో ప్రభుత్వపు లెక్క ప్రకారము క్వింటాలు ధాన్యమునకు 67 కిలోల బియ్యము. అనగా 670 క్వింటాళ్ళ బియ్యము. దానికి 50 కిలోల సంచులు 1,340. గోదామున 670 క్వింటాళ్ళకు చోటు. ఇట్లు ఒక్క సంఖ్యనుండి తక్కిన సంఖ్యలన్నియు దారము లాగినట్లు వచ్చును.

పిమ్మట కాలము లెక్క. ముహూర్తము నిశ్చయమైన పిదప మనము వెనుకకు లెక్కింతుము: లగ్నపత్రిక యెప్పుడు, బట్టలెప్పుడు, పందిరి యెప్పుడు అని. యంత్రమును అట్లే చేయును. కోత ఫలాని వారమున. ధాన్యము ఆరి, తేమ నూటికి 17 వంతులు మించకుండ కాటాకు వచ్చుట ఫలాని దినమున. కావున సంచులు అంతకు ముందే చేరవలయును. అవి చేరుటకు ఇన్ని దినములు ముందు బయలుదేఱవలయును. దానికి ఇన్ని దినములు ముందు ఆర్డరు వ్రాయవలయును. మఱియొకటి. మన మిల్లు దినమునకు 600 క్వింటాళ్ళు మాత్రమే మరపట్టగలదనుకొందము. 1,000 వచ్చుచో 400 నిలిచిపోవును; పది దినములకు 4,000 క్వింటాళ్ళు వాకిట పడియుండును. ఈ సంగతి పదవనాడు లారీలు వరుస గట్టిన పిదప తెలియుటకు బదులు, కోతకు ముందే తెలిసినచో రెండవ మిల్లును చూచుకొనవచ్చును. లేదా వానకు తట్టుకొను గోదామును వెదకుకొనవచ్చును. ప్రణాళిక యనగా ఇంతకంటె వేఱు లేదు.

ఈ లెక్క మన కరణములును చేయగలరు. కాని కేంద్రములు వేలు, మిల్లులు వేలు, లారీలు లెక్కకు మిక్కిలి. ఒక్కచోట వాన పడినంతనే అన్నిటిని మరల లెక్కింపవలయును. మనుష్యుడు లెక్క ముగించులోపల కాలము మించిపోవును. ఇచ్చటనే కంప్యూటరు అక్కఱ కలిగినది. 1972లో జర్మనీదేశమున ఐ.బి.ఎం. కంపెనీని విడిచివచ్చిన అయిదుగురు ఇంజనీర్లు శాప్ అను సంస్థను స్థాపించిరి. కొనుగోలు, నిలువ, ఉత్పత్తి, అమ్మకము, సొమ్ము—ఈ పద్దులన్నియు ఒకే చిట్టాలో నుండవలయుననుట వారి యుద్దేశము. ఒకచోట వ్రాసినది అన్నిచోట్ల కనబడును; మరల వ్రాయనక్కఱ లేదు.

అయితే చిట్టా వేఱు, ఆలోచన వేఱు. జరిగినదానిని తప్పు లేకుండ వ్రాయుట చిట్టా పని. జరుగవలసినదానిని నిర్ణయించుట ఆలోచన పని. ఈ రెండవ పనికై పుట్టిన సాఫ్ట్‌వేర్ సంస్థలలో ప్రసిద్ధమైనది ఐ-టూ టెక్నాలజీస్. దానిని 1988లో అమెరికాలోని డల్లాసు నగరమున కెన్ శర్మతో గలిసి స్థాపించిన సంజీవ్ సిద్ధూ హైదరాబాదున పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున రసాయన ఇంజనీరింగు చదివినవాడు. ఏ యంత్రమునకు ఎంత శక్తి కలదు, ఏ సరకు ఎప్పుడు వచ్చును, ఏ గిరాకీని ముందు తీర్చవలయును అను మూడు ప్రశ్నలను విడివిడిగా గాక ఒక్కమాఱే పరిష్కరించుట ఇట్టి సాఫ్ట్‌వేర్ పని. 2010లో ఆ సంస్థ మఱియొక సంస్థలో కలిసిపోయినను, ఆ పద్ధతి లోకమంతట వ్యాపించినది.

మన చెఱువు క్రింద ఈ పని చేయువాడు నీరటికాడు. తూము తెఱచుట మాత్రమే వాని పని యనుకొనరాదు. చెఱువులో నీరెంత, ఆయకట్టు ఎంత, ఎవని మడి ఎండినది, ఎవని వంతు ఎప్పుడు—ఇవన్నియు వాడొక్కడే యెఱుగును. పై రైతు తన మడిని మాత్రమే చూచును. చివరి రైతు తన మడిని మాత్రమే చూచును. నీరటికాడు చెఱువునంతయు చూచును. ఏకీకృత ప్రణాళిక యనునది గొలుసునకు నీరటికాడు. కాని నీరటికానికి చెఱువు మట్టము తప్పుగా చెప్పినచో వాడేమి చేయగలడు? ఇక్కడనే అసలు సంగతి యున్నది.

అమెరికాలో హెర్షీ యను చాకొలెట్ల కంపెనీ కలదు. అక్టోబరు 31వ తేదీన అక్కడి పిల్లలు ఇంటింటికి తిరిగి మిఠాయి లడుగు పండుగ యొకటి జరుపుకొందురు. మిఠాయి వర్తకులకు అది గొప్ప అదను. హెర్షీవారు 11 కోట్ల 20 లక్షల డాలర్లు వెచ్చించి, చిట్టా సాఫ్ట్‌వేరును, ప్రణాళికా సాఫ్ట్‌వేరును, అమ్మకపు సాఫ్ట్‌వేరును ఒక్కమాఱే అమర్చుకొనిరి. నాలుగేండ్ల పనిని రెండున్నర యేండ్లకు కుదించిరి. 1999 జూలైలో, అనగా పండుగ ఆర్డర్లు ముమ్మరముగా వచ్చువేళ, దానిని నడపసాగిరి. ఆ యేడు 10 కోట్ల డాలర్లకు మించిన సరకు అంగళ్ళకు సకాలమున చేరలేదు. ఆ మూడుమాసముల లాభము నూటికి 19 వంతులు తగ్గినది.

చాకొలెట్లు లేక ఇట్లు జరుగలేదు. సరకు సిద్ధముగనే యుండెను. పండుగ రద్దీలో పూర్వమునుండి అక్కడి పనివారు మిగులు సరకును ఖాళీగదులలోను, తాత్కాలికపు చోట్లలోను పెట్టుకొను నలవాటు కలదు. ఆ చోట్లు వారి నోటిలెక్కలో నుండెను. యంత్రపు పద్దులో వాని నన్నిటిని ఎక్కింపలేదు. యంత్రము దృష్టిలో, పద్దులో లేని గది లోకములోనే లేదు. వెన్న చేతబట్టుకొని నేతికై ఊరంతయు తిరిగినట్లైనది. ఆ కంపెనీయే తన తప్పు దిద్దుకొని, 2002లో ఆ సాఫ్ట్‌వేర్ క్రొత్త రూపమును చక్కగా అమర్చుకొన్నది. యంత్రము చెడ్డదగుటచేత మొదట చెడలేదు. పనివాని నోటిలెక్కను పద్దులోనికి ఎక్కింపకుండుటయు, అదను తప్పి తొందరపడుటయు కారణములు.

ఇక మన దేశమునకు వత్తము. 2013లో వచ్చిన ఆహారభద్రతా చట్టము క్రింద సుమారు 81 కోట్ల మందికి బియ్యమో గోధుమలో అందుచున్నవి. సాధారణముగా మనిషికి నెలకు 5 కిలోలు. అయిదు లక్షలకు మించిన చౌకధరల దుకాణములు కలవు. ఇంత గొలుసు లోకములో మఱియెక్కడను కానరాదనవచ్చును. పూర్వము దుకాణమునకు ఇన్ని కార్డులు, కావున ఇంత బియ్యము అని కేటాయింపు నిలుకడగా నుండెడిది. కాని పేదవాడు నిలుకడగా నుండునా? శ్రీకాకుళపు కూలివాడు హైదరాబాదునకు వలసపోవును. బియ్యము శ్రీకాకుళమున, ఆకలి హైదరాబాదున. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు జంటగను, గుజరాత్, మహారాష్ట్రములు జంటగను, ఒక రాష్ట్రపు కార్డుతో రెండవ రాష్ట్రమున బియ్యము తీసికొను వీలును మొట్టమొదట కల్పించిరి. అదియే దేశమంతట వ్యాపించిన 'ఒకే దేశము, ఒకే రేషనుకార్డు'.

ఈ సౌకర్యమువలన ప్రణాళిక కష్టమైనదని గమనింపుడు. ఏ దుకాణమునకు ఎవరు వత్తురో ఇక ముందుగా తెలియదు. నేడు ఏ దుకాణమున ఎంత బియ్యము వెళ్ళినదో యంత్రముద్వారా వెంటనే పైకి తెలియనిచో, ఒకచోట మూటలు మిగులును, ఇంకొకచోట వాకిట వచ్చినవాడు వట్టిచేతులతో పోవును. తుదనున్న వాడుకదారుని యక్కఱను గొలుసంతయు చూడవలయునని మొదట చెప్పిన పాఠము ఇక్కడ ప్రత్యక్షముగా కానవచ్చుచున్నది.

దారుల లెక్కయు కలదు. ఏ గోదామునుండి ఏ దుకాణమునకు బియ్యము పోవలయుననునది పెక్కుచోట్ల పాత వాడుకనుబట్టి నడచుచుండెను. ఎదురెదురుగా రెండు లారీలు, ఒకదానిలోను బియ్యమే, రెండవదానిలోను బియ్యమే, ఒకదానినొకటి దాటిపోవుట కలదు. 2024 డిసెంబరులో కేంద్ర ఆహారశాఖవారు 'అన్నచక్ర' అను సాధనమును ఆరంభించిరి. ప్రపంచ ఆహార కార్యక్రమమును, ఢిల్లీ ఐ.ఐ.టి.కి చెందిన సంస్థయు దీనికి తోడ్పడినవి. సుమారు 4.37 లక్షల దుకాణములకును, 6,700 గోదాములకును నడుమ దగ్గఱి దారులను ఇది లెక్కించును. దీనివలన ఏటేట 250 కోట్ల రూపాయలు మిగులునని ప్రభుత్వపు అంచనా.

బిడ్డల టీకామందుల విషయమునను ఇట్టి యేర్పాటే కలదు. ఆ మందులలో పెక్కింటిని 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున కాపాడవలయును. వేడి తగిలినచో వాని శక్తి పోవును, పైకి మాత్రము మందువలెనే కానవచ్చును. 2015లో ఆరంభమైన 'ఈ-విన్' అను పద్ధతిలో, ఆరోగ్యకేంద్రమున మందులు కాపాడు ఉద్యోగి తన చేతి ఫోనులో నిలువను వ్రాయును. పెట్టెలోని చల్లదనము దానంతటదియే పైకి తెలియును. ఒకచోట మందు అయిపోవుచున్నదనియు, ఇంకొకచోట గడువు దాటబోవుచున్నదనియు జిల్లా అధికారికి ఒక్కమాఱే కనబడును. ఆ ఫోనులో నిజము వ్రాయు చిన్న యుద్యోగియే యీ గొలుసంతటికి ఆధారము.

ఇంత చెప్పిన పిదప యంత్రము చేయజాలని పనులను చెప్పకుండుట న్యాయము కాదు. మొదటిది: ఎక్కడను గింజ మిగులకుండ, దినము వృథాకాకుండ లెక్క కట్టుటయే నేర్పనుకొనువారు కలరు. 2021 మార్చిలో సూయజు కాలువకు అడ్డముగా ఒక్క యోడ చిక్కుకొనగా ఆఱు దినములు ఆ దారి మూతపడినది. సరకు నిలువలేని కర్మాగారములు తల్లడిల్లినవి. మన పెద్దలు పాతరలో ధాన్యము పోసినది లెక్క రాక కాదు. రాబోవు కఱవు లెక్కకు అందదని తెలిసియే. మంచి ప్రణాళికలో పాతరకు చోటుండవలయును.

రెండవది: లెక్క మనిషికొఱకు గాని, మనిషి లెక్కకొఱకు కాడు. జీవితమంతయు నాగలి పట్టినవాని వ్రేళ్ళు అరిగి, యంత్రము వాని ముద్రను గుర్తింపనిచో, పద్దులో "బియ్యము తీసికొనలేదు" అని పడును. పైనున్నవాడు దానిని చూచి, ఆ దుకాణమున బియ్యము అక్కఱ లేదనుకొనును. ఆకలిగొన్నవాని లేమి, పద్దులో మిగులుగా మాఱును! ఇంతకంటె అన్యాయమైన తప్పులెక్క వేఱొకటి లేదు. అందుచే యంత్రము కాదన్నప్పుడు, ఎదుటి ముసలివానిని ఎఱిగిన మనుష్యుడు ఔనని చెప్పి వ్రాసియిచ్చు వీలు ఉండితీఱవలయును.

మూడవది, మీతో ప్రత్యేకముగా చెప్పదగినది. ఈ గొప్ప గొలుసునకు మొదటి సంఖ్య పుట్టునది మీ యూరిలోనే. ఎన్ని యెకరములు నాటిరి, ఏ రకము నాటిరి, కోత యెప్పుడు—ఈ మూడు మాటలనుండియే సంచులు, లారీలు, మిల్లులు, గోదాములు అన్నియు లెక్కకు వచ్చును. పంట వ్రాయించుకొను వేళ, "వ్రాసిన నేమి, వ్రాయకున్న నేమి" యని యుపేక్షింపకుడు. వ్రాయువాడు పొలమునకు రాక, పోయిన యేటి పద్దునే తిరిగి వ్రాయుచున్నచో, పెద్దలుగా మీరు ఊరకుండకుడు. రెండు బస్తాలు కావలసిన చోట నాలుగని చెప్పించుట తెలివిగా తోచును; కాని ఊరూరును అట్లే చెప్పినచో, అది తుదకు మన కళ్ళములోనికే వాన తెచ్చును. మీ గ్రామసభలో అడుగదగిన ప్రశ్నలు సులభమైనవి: ఈ వారము ఎంత ధాన్యము వచ్చునని పైకి వ్రాసితిరి? దానికి ఎన్ని సంచులు బయలుదేఱినవి? మన ధాన్యము పోవు మిల్లులో నేడు ఎంత చోటున్నది? ఈ మూడింటికి ఒకే పద్దునుండి ఒకే సమాధానము వచ్చినచో ఏకీకరణము జరిగినది. ముగ్గురు మూడు పద్దులు తెఱచినచో, కంప్యూటరు బల్లమీద నున్నను, పని పాతపద్ధతినే నడచుచున్నది.

ఫారెస్టర్ తన చిక్కును పెన్సిలుతోనే విప్పెను. విప్పినది పెన్సిలు కాదు. ఎవరి మూల వారు చూచుకొనుట మాని గొలుసంతయు చూచిన చూపు. నేడు ఆ చూపును వేలకొలది చోట్లకు, ఘడియ ఘడియకు విస్తరింపజేయు యంత్రము మన చేతికి వచ్చినది. దానికి కన్నులు మనమిచ్చిన సంఖ్యలే. ఆ సంఖ్యలు నిజమైనచో, నేను మొదట చెప్పిన కళ్ళములో సంచులు ముందే వచ్చియుండును. లారీ మిల్లు వాకిట నిలువదు. రెండవ రైతు రాశి వానకు ముందే కదలును. దూరమున నెవని కంచములోనో వేళకు అన్నము పడును.